సీతాఫలాల పొదలో పడ్డ బంతి

"ఆ కట్టె పొయ్యిలకెల్లి తియ్యి పిల్లా! అది వంటచెరుకు గాదు, నా కొడుకు బతుకుదెరువు!"

ఉప్పలమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేవబోయి మళ్లీ కూలబడింది. ఆ మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలా కాలమైంది. నోరు మాత్రం ఇంకా వింటుంది. వంటింట్లోంచి వస్తున్నది తుమ్మమొద్దు పొగ కాదు, కందికట్టె పొగ కాదు. ముక్కులు మండించే వార్నీషు పొగ.

కోడలు ఆండాళు విననట్టే ఉంది. ఇనుప తల బిగించిన ఆ పొడుగాటి కట్టెను ఇంకో జానెడు లోపలికి తోసింది. తెల్లదొరల సీమ నుంచి వచ్చిన కట్టె. ఎన్నేళ్లు నూనె తాగిందో ఏమో, అంటుకోగానే భగ్గుమంది. పైన జొన్న గట్క కుతకుతలాడింది.

"వంగదు, ఇరగదు అని మురిసేటోడు గద. కాలుతది. చూడత్తా, ఎంత మంచిగ కాలుతాందో!"

గుమ్మంలో ధర్మయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

ఆ కట్టెతోనే అతను బొంబాయిలో తెల్లదొరను ఓడించాడు. ఇంట్లో ఉంటే తలాపున పెట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడు వచ్చి చెంప పగలగొడతాడని ఆండాళు ఒళ్లు బిగబట్టుకుని కూర్చుంది. కొడితే బాగుండు. కనీసం తిడితే బాగుండు. ధర్మయ్య మంట వంక ఒకసారి చూసి, భుజం మీది తువ్వాల సర్దుకుని, వెనక్కి తిరిగి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

ఏ పాపం ఎరగనివాడు ఊరుకుంటాడా? ఇల్లు ఎగిరిపోయేలా అరవడూ? ఆండాళు గుండెలో అనుమానం ఇంకాస్త లోతుకు దిగింది.

నిన్న మధ్యాహ్నం ఆమె తమ్ముడు సాయిలును గుట్ట కింద సీతాఫలాల పొదలోంచి మిల్ట్రీ సిపాయిలు జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. వాళ్లు అతని కోసం రాలేదు. ధర్మయ్య కొట్టిన బంతి కోసం వచ్చారు. బంతి వెతుకుతుంటే మనిషి దొరికాడు.

అదీ సంగతి. ఊళ్లో పదిమంది పది రకాలుగా చెప్పుకుంటున్నారు గానీ అందరి కథలోనూ బంతి ధర్మయ్యదే.

పద్మశాలీల ఇంట పుట్టినవాడు మగ్గం గుంతలో కాళ్లు పెట్టాలి. ధర్మయ్య పెట్టలేదు. మీసం రాని వయసులో తండ్రి వెంట చీరల మూట మోసుకుంటూ తెల్లదొరల దండు ఉండే లష్కర్ వెళ్లి, బొల్లారం మైదానంలో తెల్లదొరల సంచులు మోసే పనికి కుదిరాడు. సంచి మోస్తూ మోస్తూ అందులోని కట్టె పట్టాడు. దొరలు చూసి నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. ఆ తర్వాత జీతమిచ్చి, దెబ్బ ఎలా కొట్టాలో తమకే నేర్పమన్నారు. గోల్ఫు ఆట ఆడి బువ్వ తిన్నవాడు ఈ కట్టంగూరు చుట్టుపక్కల అతనొక్కడే. బొంబాయి పోయాడు, కలకత్తా పోయాడు, వెండి గిన్నె గెలుచుకొచ్చాడు. ఊరికి మాత్రం అతను గోలీల ధర్మయ్యే. గడ్డం నెరుస్తున్నా గోలీలాట మానలేదని వాళ్ల ఎగతాళి.

దొరలు ఓడెక్కారు. రజాకార్ల గడబిడలో మైదానంలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. కొలువు ఊడి ఇంటికొచ్చిన ధర్మయ్య మగ్గమన్నా నేద్దామంటే నూలు దొరకదు. తెల్లవారగానే ఊరవతల బీడులో బంతులు కొట్టుకుంటూ కాలం గడిపాడు. ఇంతలో నైజాం పోయింది, పోలీసు యాక్షన్ అయింది, సడకు పక్కన మిల్ట్రీ క్యాంపు పడింది. ఒకనాడు జీపులో పోతున్న మేజరు, బీడులోంచి గాలిలోకి లేస్తున్న బంతిని చూసి బండి ఆపించాడు. అంతే, ఆ ఇంటికి శని ఆ జీపెక్కే వచ్చింది.

మేజరు వేటంతా సంఘం వాళ్ల కోసం. భూస్వాముల గడీల మీద తిరగబడ్డ ఆ పోరగాళ్లను మొన్నటిదాకా రజాకార్లు వెతికారు, ఇప్పుడు మిల్ట్రీ వెతుకుతోంది. సాయిలు ఆ సంఘం దళంలో మనిషి. పిక్కలో గుండు దిగి, జ్వరంతో అక్క ఇంటికి వచ్చాడు. బీడు అంచున, నూలు లేక మూతపడ్డ మగ్గాల కొట్టంలో, ఒక మగ్గం గుంతలో అతన్ని పడుకోబెట్టి పైన పలకలు కప్పారు. ఆ సంగతి దళం కాక ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఆండాళుకు, అత్తకు, ధర్మయ్యకు.

మొన్న సాయంత్రం ధర్మయ్య అన్నం ముందు కూర్చుని, "రేపు మేజర్ సాబు మన బీడుల ఆడతందుకు వస్తడట" అన్నాడు. "బొల్లారంల మల్ల కొలువిప్పిస్త అంటున్నడు" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు అతని కళ్లు మెరిశాయి. ఎన్నాళ్లకో కనిపించిన ఆ మెరుపు చూసి ఆండాళు సంతోషించలేదు, భయపడింది. కొలువు కోసం ఈ మనిషి దేన్నయినా ఇచ్చేస్తాడేమో అనిపించింది.

తెల్లారకముందే లేచింది. మొగుడికి చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. తమ్ముడి చెయ్యి భుజాల మీద వేసుకుని బీడు దాటించింది. "వద్దక్కా, దళం చెప్పకుంట జాగ మారొద్దు" అని సాయిలు మొత్తుకున్నాడు. దాచిన మనిషిని దళం మాట లేకుండా కదిలించకూడదు, అది వాళ్ల కట్టుబాటు. ఆండాళు వినలేదు. గుట్ట కింద సీతాఫలాల పొదలో కూర్చోబెట్టి, గొంగడి కప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చి వాకిలి ఊడ్చింది.

మధ్యాహ్నం ధర్మయ్య బంతి సరిగ్గా వెళ్లి ఆ పొదలోనే పడింది.

గురి తప్పి పడిందంటే ఊరు నమ్ముతుందేమో. ఆండాళు ఎట్లా నమ్ముతుంది? కొత్త కాపురంలో ఇత్తడి చెంబు తీసుకెళ్లి బీడులో అంత దూరాన పెట్టి, "కొట్టు చూద్దాం" అనేది. బంతి వచ్చి చెంబుకు తగిలి ఖంగుమనేది. ఎన్నిసార్లు పెట్టినా ఖంగుమనేది. ఊళ్లో ఎవరికీ లేని మొగుడు తనకు దొరికాడని మురిసిపోయేది. అలాంటి చెయ్యి నిన్న ఒక్కరోజే తప్పిందా? పైగా ఆ కళ్లు. గడ్డిలో ఎక్కడో పడ్డ బంతి దగ్గరికి నేరుగా నడిచి వెళ్లి చెయ్యి పెట్టి తీసే కళ్లు. తెల్లవారుజామున మంచు పట్టిన గడ్డి మీద తన అడుగుల జాడ ఆ కళ్లకు కనపడలేదంటే నమ్మడానికి ఆండాళు ఏమన్నా పాలు తాగే పిల్లా?

"కొడుకు ఏం దినలే పిల్లా," ఉప్పలమ్మ గొంతు తగ్గించి అంది. "గట్క పెట్టు."

"నా చేత్తోని పెట్ట. క్యాంపుల పెడ్తరు, పోయి తినుమను."

ఆ మాట అరుగు మీదికి వినపడాలనే అంది. వినపడింది కూడా.

జవాబుకు బదులు జీపు వచ్చింది.

దుమ్ము లేపుకుంటూ వచ్చి సరిగ్గా వాకిట్లో ఆగింది. వీధిలో టపటపా తలుపులు మూసుకున్నాయి. ఎదురింటి లీలమ్మ ఎండబెట్టిన మిరపకాయలు వదిలేసి మరీ లోపలికి పోయింది. సిపాయి ఒకడు తోలుసంచి దించాడు. సంచిలో ఇనుప తలల కట్టెలు కొత్త పెళ్లికొడుకుల్లా తళతళలాడుతున్నాయి.

"ఉస్తాద్, మేజర్ సాబ్‌నే భేజా హై. ఇనాం."

మేజరు పంపిన బహుమతి. ధర్మయ్య లేచి సలాం చేశాడు. రెండు చేతులా సంచి అందుకున్నాడు. సిపాయి ఏదో నవ్వుతూ అన్నాడు, ధర్మయ్యా నవ్వాడు. తలుపు సందులోంచి చూస్తున్న ఆండాళుకు ఆ నవ్వు కారం పూసినట్టు మండింది.

జీపు పోయాక ఉప్పలమ్మ పాకుతూ గడప దాకా వచ్చింది.

"ఎందుకు తీసుకున్నవు కొడుకా? ఊరంత చూస్తాంది గద."

"తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదని అడుగుతరమ్మా. అడిగితే ఏం జెప్పాలె?"

"ఇనాం దేనికని నేను అడుగుత," ఆండాళు లోపలి నుంచే అంది. "నాకేం జెప్తవ్?"

ధర్మయ్య లోపలికి వచ్చి సంచిని అటక మీదికి విసిరేశాడు. విసిరిన చప్పుడుకు అటక మీది పిల్లి దూకి పారిపోయింది. "ఒకమాట నేనూ నిన్ను అడగాలె," అన్నాడు మెల్లగా. ఆమె ముఖంలోకి చూసి, అడగకుండానే చేద అందుకుని బావికి వెళ్లిపోయాడు.

ఏం అడగాలనుకున్నాడు? తనకు ఎంత తెలుసో కూపీ లాగుదామనా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఈయన వరస అనుకుంది ఆండాళు.

"గాజులో... మట్టిగాజులో!"

గాజుల సుక్కమ్మ నెత్తి మీది గాజుల మలారం దించి వాకిట్లో చతికిలబడింది. గాజులమ్ముకునే మనిషికి ఏ ఇంటికైనా దారి ఉంటుంది, దొర గడీకైనా, కూలి గుడిసెకైనా. అందుకే దళం మాటలు ఆమె నోట నడుస్తాయి. ఉప్పలమ్మ కునుకు తీస్తోంది. సుక్కమ్మ ఆండాళు ఎడమచెయ్యి అందుకుని వేళ్లు నలుపుతూ, గాజు ఎక్కిస్తూ, పెదాలు కదలకుండా మాట్లాడింది.

"సాయిలు పాణంతోనే ఉన్నడు బిడ్డా. కొట్టిన్రట గని నోరిప్పలేదట. క్యాంపుల బట్టలుతికే ఆయన చూసిండు."

ఆండాళు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చెయ్యి వెనక్కి లాక్కోబోతే సుక్కమ్మ వదల్లేదు.

"ఏడ్వకు, ఎవరన్న చూస్తరు. దళమోళ్లు ఒక మాట అడగమన్నరు. పట్టిచ్చింది నీ పెనిమిటేనా?"

ఆండాళు కునుకు తీస్తున్న అత్త వంక చూసింది.

"ఊరు సవాలక్ష అంటది," సుక్కమ్మే మళ్లీ అంది. "ఊరు మాట మీద మనిషి పాణం తీయరు వాళ్లు. ఇంట్ల మనిషివి, నువ్వు చెప్పాలె. జర సోంచాయించి చెప్పు. ఇయ్యాల ఒక మాట జెప్పి, రేపు మొగుని మీద పావురం, ప్రేమ పుట్టి మాట మారిస్తే, కాపాడుకుంటాందంటరు గని నమ్మరు."

ఆండాళుకు పొయ్యిలో కాలిన కట్టె గుర్తుకు రాలేదు, పన్నెండేళ్ల కాపురం గుర్తుకు రాలేదు. తోలుసంచి అందుకుంటూ నవ్విన నవ్వొక్కటే కళ్ల ముందు ఉంది. తల్లి పోతూ చేతిలో పెట్టిపోయిన తమ్ముడు. చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

"ఆయన దెబ్బ ఎన్నడు తప్పలే," అంది. "యాడ కొట్టాలనుకుంటే ఆడనే కొడ్తడు. ఆయనే పట్టిచ్చిండు."

"సాయిలు మగ్గం గుంతల గద ఉండె. పొదల కాడికి ఎట్లొచ్చిండు?"

ఆండాళు నోరు తెరిచింది. కదిలించింది నేనే అని చెప్పాలి. చెబితే, మాకు చెప్పకుండా ఎందుకు కదిలించావని అడుగుతారు. కట్టుబాటు దాటినందుకు ఏమంటారో, ఏం చేస్తారో.

"నాకేమెరుక?" అంది. "గుంతల భయమేసి వాడే పోయిండేమో."

సుక్కమ్మ ఆమె ముఖం వంక కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత మలారం నెత్తికెత్తుకుని, "గాజులో" అనుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నమంతా ఆండాళు నూలు పోసే ఆసు ముందు కూర్చుంది. నూలు లేదు, పనీ లేదు. ఊరికే కూర్చుంది. చెప్పింది నిజమే కదా అని ఒకసారి అనుకుంది. నిజమైతే ఒళ్లెందుకు వణుకుతోంది అని ఇంకోసారి అనుకుంది. పొద్దు వాలేసరికి ఆ వణుకు కోపంగా మారి నోట్లోకి వచ్చేసింది. అరుగు మీద ధర్మయ్య ఎదుట పోయి నిలబడింది.

"ఒక్కమాట చెప్పు. నిన్న నీ దెబ్బ ఎట్ల తప్పింది?"

"తప్పలే."

తప్పిందంటాడని, బొంకుతాడని, దేవుడి మీద ఒట్టేస్తాడని అనుకుంది గానీ ఇలా నిలువునా ఒప్పుకుంటాడనుకోలేదు.

"అంటే కావాలనే కొట్టినవా? పొదలకే?"

"పొదలకే కొట్టిన. దాని కంటె దూరం కొట్టే తాకత్ లేకుండె నాకు."

"ఓయమ్మో!" ఆండాళు నెత్తి బాదుకుంది. "ఇన్నవా అత్తా? నీ కొడుకు నోట్ల మాట నువ్వే ఇన్నవా? నా తమ్ముణ్ని కొలువుకు అమ్ముకున్నడు! నీ చెయ్యి ఎట్లాడింది? వాడు నిన్ను బావా బావా అని తిరిగె గదా!"

"జర నోరు మూస్తవా?"

ధర్మయ్య ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. ఆ ఒక్క అరుపుకు ఉప్పలమ్మ ఉలిక్కిపడి గోడకు ఆనుకుంది. అతను లేచి వచ్చి ఆండాళు రెండు రెక్కలూ పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మేజరు ఆడుతున్నడు. ఎండ దంచుతాంది. సిపాయిలు నీడ చూసుకున్నరు. బీడుల నీడ యాడుంది? మగ్గాల కొట్టం కాడనే. ఒకడు పోయి తలుపు గొల్లెం మీద చెయ్యేసిండు. ఆండాళూ, నాకు పైపాణం పైననే పోయింది. లోపల సాయిలున్నడు గద! పలక లేపితే అయిపాయె. నేనేం జేయాలె? వద్దంటే ఎందుకు వద్దంటున్నవంటరు. నా చేతుల ఉన్నది కట్టె, ముంగట ఉన్నది బంతి. కొట్టానికి ఎదురు దిక్కు, గుట్ట దిక్కు, ఎంత బలముంటే అంత బలంతోని కొట్టిన. బంతి పోయింది, సీమబంతి, మల్ల దొరకదని లొల్లి పెట్టిన."

ఆండాళు అరుగు అంచు పట్టుకుంది.

"ఆ ఆటల ఒక కానూనున్నది. ఎవని బంతి పోయినా, ఎంత పెద్ద దొరయినా సరే, ఆట ఆపి అందరు ఎతకాలె. మేజరు ఆ కానూను దాటడు. సీటీ కొట్టి సిపాయిలందర్ని పిలిచిండు. గొల్లెం మీద చెయ్యేసినోడు గూడ ఉరికొచ్చిండు. హమ్మయ్య, పోరడు బతికిండు అనుకున్న." ధర్మయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "పొద మొదట్ల మనిషి ఉంటడని నాకేమెరుక? వాణ్ని గుంజుకొస్తుంటే నా దిక్కే చూసిండు. ఆ చూపు నేను సచ్చేదాక మర్వ."

వాకిట్లోకి మేకలు వచ్చి పొద్దున ఆరబోసిన పొట్టు తింటున్నాయి. తోలేవాళ్లు లేరు.

"ఇగ నేను అడిగేది చెప్పు," అన్నాడు ధర్మయ్య. "సాయిలు గుంతల ఉన్నట్టు మన ఇంట్ల ముగ్గురికే ఎరుక. నేను కదిలియ్యలే. అమ్మ గడప దాటలేదు. వాడు ఒక్కడే నడ్వలేడు. మరి పొదల కాడికి ఎవరు తీస్కపోయిన్రు?"

అంతా ఒక్కసారిగా అర్థమైంది ఆండాళుకు. కొట్టంలోనే ఉండనిచ్చి ఉంటే సాయిలు దొరక్కపోయేవాడు. మొగుడు తన ఆట అడ్డం వేసి వాణ్ని కాపాడాడు. తను మొగుణ్ని నమ్మక, తన చేతులతో తనే వాణ్ని తీసుకెళ్లి సిపాయిల కాళ్ల ముందు కూర్చోబెట్టింది. గుండెలు పగిలేలా ఏడవాలనిపించింది గానీ ఏడుపు కూడా రాలేదు.

"నేనే," అంది. "నేనే తీస్కపోయిన. మేజరొస్తడని నువ్వు చెప్పినప్పుడు... కొలువని మురిసినవు చూడు, గప్పుడు నాకు నీ మీద నమ్మకం పోయింది."

ధర్మయ్య తల ఊపాడు. ఆ జవాబు కోసమే కూర్చున్నట్టు, విన్నాక మాత్రం వినకపోతే బాగుండేదన్నట్టు.

"నిన్నటికెల్లి చూస్తున్న," అన్నాడు. "నువ్వే అయి ఉంటవని ఎరుక. చెప్తవేమోనని చూసిన. నువ్వు పొయ్యిల కట్టె పెడితివి గని నోరిప్పకపోతివి. ఎందుకు చెప్తలేదు, ఏందీ మతలబు అని నాకు గూడ ఎన్నెన్నో ఆలోచనలు వచ్చినయ్."

"నన్ను అనుమానించినవా?"

"నువ్వు చేసినంత చేయలే."

"సాలు సాలు," ఉప్పలమ్మ కసురుకుంది. కసురుతోందే గానీ ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. "ఒకలకొకలు నోరిప్పి చెప్పుకోలేక ఇంటి పిలగాన్ని పోగొట్టుకుంటిరి. మీ కంటె ఆ మేకలు నయం. లే పిల్లా, వాడికింత గట్క పెట్టు."

ఆండాళు లేచింది గానీ వంటింటి వైపు వెళ్లలేదు. సుక్కమ్మ. సుక్కమ్మను పట్టుకోవాలి. ఏ ఊళ్లో ఉందో, మాట అప్పుడే చేరవేసిందో. మాట మారిస్తే నమ్మరంది. నమ్మకపోతే కాళ్ల మీద పడుతుంది, నమ్మేదాకా పడుతుంది. కొంగు బిగించి వాకిట్లోకి దిగింది.

దిగి, అక్కడే ఆగిపోయింది.

గొర్రెల మందను ముందు తోలేసి గొల్ల బక్కయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి. పగలు గొర్రెలు కాస్తాడు, పిలిస్తే దళానికి దారి చూపిస్తాడు. అతను వచ్చి ఒకరిని తీసుకెళ్లాడంటే ఆ మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పుడే వచ్చేశారా? ఆండాళు పరుగున వెనక్కి వచ్చి మొగుడి ముందు అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ చాచింది.

"రాడు! ఈయన యాడికి రాడు బక్కన్నా. ఈయనది తప్పు లేదు. అంత ఉల్టా అయింది. ఈయన సాయిలును కాపాడ చూసిండు. నా మాటిను!"

"పక్కకు జరుగు ఆండాళూ," ధర్మయ్య అన్నాడు. భయం లేని గొంతుతోనే అన్నాడు. "నేనే పోదామనుకున్న. జరిగింది జరిగినట్టు చెప్త. పా, బక్కయ్యా."

బక్కయ్య కదల్లేదు. గొంగడి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ధర్మయ్య వంక చూడడానికి అతనికే మొహమాటంగా ఉన్నట్టుంది.

"నిన్ను గాదు ధర్మన్నా. వదినెను తోల్కరమ్మన్నరు."

చాచిన ఆండాళు చేతులు కిందికి వాలిపోయాయి.

"సాయిలు క్యాంపులకెల్లి బట్టలుతికే ఆయనతోని మాట పంపిండు. గుంతల మంచిగనే ఉంటినని, అక్కనే వద్దన్నా ఇనకుంట లేపి పొదల కూసోపెట్టిందని. ఆ జాగ అక్కకు తప్ప పురుగుకు గూడ తెల్వదని." బక్కయ్య ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటున్నాడు. "సుక్కమ్మతోని వదినె గట్ల చెప్పలేదట. నాకెరుకనే లేదన్నదట. ఎందుకు బొంకిందో అడుగుతరు. అంతే నాకు తెలుసు."

"సుక్కమ్మ వచ్చిందా?" ధర్మయ్య అడిగాడు. బక్కయ్యను కాదు, ఆండాళును. "ఏం జెప్పినవ్ ఆమెతోని?"

ఇంకా బొంకడానికి ఆండాళు దగ్గర ఓపిక లేదు.

"నువ్వే పట్టిచ్చినవని చెప్పిన."

"ఎప్పుడు?"

"పగటీలి. నువ్వు బావికి పోయినప్పుడు."

ఉప్పలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ధర్మయ్య వెనక్కి జరిగి అరుగు మీద కూర్చున్నాడు. నిన్నటి నుంచి ఆండాళు అతని వంక ఎట్లా చూసిందో, ఇప్పుడు అతను ఆమె వంక అట్లాగే చూస్తున్నాడు. మనిషిని కన్నార్పకుండా చూస్తూ, లోపల ఎవరున్నారో వెతుకుతున్న చూపు.

"నేను వాణ్ని పట్టిస్తనా?" ఆండాళు మొగుడి వైపు తిరిగింది. "నా చేతుల పెరిగినోణ్ని? నువ్వన్న చెప్పయ్యా బక్కన్నకు. నువ్వు చెప్తే నమ్ముతరు. చెప్పు."

ధర్మయ్య ఏమీ చెప్పలేదు.

"పొద్దు గూకుతాంది వదినె," అన్నాడు బక్కయ్య.

ఆండాళు అత్త వంక చూసింది. అత్త తల దించుకుంది. వాకిలి దాటడానికి ఆమె ఒక అడుగు వేసింది. అప్పుడు ధర్మయ్య తువ్వాల దులుపుకుని అరుగు మీంచి లేచాడు. లేచింది వెంట రావడానికో, పక్కకు తప్పుకుని దారి ఇవ్వడానికో ఆమెకు తెలియలేదు.